సంజాన్: పార్శీల స్మృతి, ప్రాచీన రేవు సాక్ష్యం

గుజరాత్‌లోని వల్సాడ్ జిల్లాలో, వరోలీ నది ఒడ్డున ఉన్న సంజాన్ నేడొక చిన్న ఊరు. ముంబయి నుంచి ఉదయం రైలులో బయలుదేరినవారు సంజాన్‌నూ, దానికి ఉత్తరాన ఉన్న ఉద్వాడనూ ఒక్క రోజులో చూసి తిరిగి రావచ్చు. సంజాన్‌లో యాత్రికులను ప్రధానంగా ఆకర్షించేది 1920లో నెలకొల్పిన స్మారక స్తంభం. ఇరాన్‌ను వీడి వచ్చిన జరతుష్ట్ర మతస్థులు ఇక్కడ తీరం చేరారన్న విశ్వాసానికి అది గుర్తు.

ఆ విశ్వాసానికి మూలాధారం 'కిస్సా-ఇ-సంజాన్' అనే పారశీక కావ్యం. బహ్మన్ కైకోబాద్ అనే పురోహితుడు 1599లో దీనిని రచించాడు. వలస జరిగింది ఎనిమిదో శతాబ్దిలోనా, పదో శతాబ్దిలోనా అన్న చర్చ ఎలా ఉన్నా, సంఘటనకూ రచనకూ మధ్య ఆరు శతాబ్దాలకు మించిన ఎడం ఉంది. ఆయుధాలు విడవాలనీ, స్థానిక భాష మాట్లాడాలనీ, స్త్రీలు ఇక్కడి వస్త్రధారణ స్వీకరించాలనీ షరతులు విధించి జాది రాణా అనే రాజు ఆశ్రయమిచ్చినట్లు కావ్యం చెబుతుంది. బహుళ ప్రచారంలో ఉన్న పాలు-చక్కెర కథ మాత్రం ఇందులో లేదు.

పురావస్తు, శాసనాధారాలు మరొక చిత్రాన్ని చూపుతాయి. 2002-2004 మధ్య జరిగిన తవ్వకాలలో పర్షియా సింధుశాఖ ప్రాంతానికి చెందిన నీలిపచ్చ మెరుగుపూత పాత్రల పెంకులు, చైనా పింగాణీ, గాజు వస్తువులు, ఒక దఖ్మా శిథిలాలు బయటపడ్డాయి. చించణిలో లభించిన 926 నాటి రాష్ట్రకూట తామ్రశాసనం ప్రకారం సంజాన్ మండలాన్ని పాలించినవాడు ముహమ్మద్ అనే అరబ్బు అధికారి. రాజు అనుమతితో అతడు ఒక హిందూ మఠికకు దానమిచ్చాడు. 1034 నాటి శాసనంలోని 'హంజమన' పదం పార్శీల 'అంజుమన్'ను సూచిస్తుందని పలువురు పండితుల అభిప్రాయం.

కాబట్టి పార్శీలు స్థిరపడిన సంజాన్‌ను, ఒక రాజు దయపైనే ఆధారపడిన తీరంగా కాక, పలు మతాల వర్తకులు కలిసి జీవించిన రేవుగా చూడవలసి ఉంటుంది. ఆశ్రయం కోరడం, వర్తక మార్గాన్ని అనుసరించడం పరస్పర విరుద్ధాలు కావు. తెలిసిన ఓడదారులే శరణార్థులకూ దారి చూపి ఉండవచ్చు.

అంతమాత్రాన కావ్యం విలువ తగ్గదు. దాని ఉత్తరభాగం సంజాన్ పతనాన్నీ, ఇరాన్‌షా పవిత్రాగ్నిని బహ్రోత్ కొండకూ, బాన్స్‌డాకూ, నవ్‌సారికీ తరలించిన వృత్తాంతాన్నీ చెబుతుంది. 1742లో ఉద్వాడ చేరిన ఆ అగ్ని నేటికీ అక్కడ వెలుగుతోంది. జరతుష్ట్ర మతస్థులు కానివారికి ఆలయ ప్రవేశం లేదు. ఇతర యాత్రికులు వెలుపలే ఆగాలి. రేవు చరిత్రకు పెంకులూ శాసనాలూ ఎంత అవసరమో, అగ్నిని కాపాడుకున్న సమాజం తన గతాన్ని ఎలా అర్థం చేసుకున్నదో తెలియడానికి కిస్సా అంతే అవసరం.