చెరువు చుట్టూ తిరగలేక

లక్నవరం చెరువు చుట్టూ సైకిల్ మీద ఒక రౌండ్ కొట్టి, అట్నుంచి అటే మేడారం పోదామని శ్రావణమాసపు ముసురులో ఇద్దరం బయల్దేరాం. తీరా వెళ్తే, చుట్టూ తిరగడానికి దారే లేదు. మూడు ఇరుకు లోయలకు అడ్డంగా మూడు పొట్టి కట్టలు వేసి వదిలేశారు కాకతీయుల నాటి వాళ్ళు. మిగతా గట్టు పని అంతా కొండలే చేస్తున్నాయి. తక్కువ మట్టితో ఎక్కువ నీళ్ళు ఆపడమంటే ఇదీ!

చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. పుణ్యం సంగతి అలా ఉంచితే, చెరువుంటే మాగాణి, మాగాణి ఉంటే పన్ను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. ఆ గుడి పక్కనే అంత పెద్ద చెరువు ఉండటం కాకతాళీయం కాదు. గుడికీ రాజ్యానికీ ధాన్యం కావాలి కదా.

పస్రా, నార్లాపూర్ మీదుగా అడవిలోకి వచ్చేసరికి వాన పెరిగింది. బ్రేకులు పట్టడం మానేశాయి. దిగి నడిపించుకుంటూ జంపన్న వాగు దగ్గరికి చేరాం. ఎర్రగా, ఒడ్డులు ఒరుసుకుని పారుతోంది. దీనికి అడ్డుకట్ట వేసి కీర్తి గడించిన సేనాని పేరేదీ ఇక్కడ వినపడదు. వినపడేది ఓడినవాడి పేరు.

కోయలు చెప్పుకునే కథ తెలిసిందే. కరువొచ్చింది, పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు, ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపాడు. ఓటమి భరించలేక కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకాడు, వాగు అతని పేరైంది. సారలమ్మ పోరులో నేలకొరిగింది. సమ్మక్క చిలుకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. ఇదంతా రాతి మీద చెక్కింది కాదు, నోటినోటా నిలిచింది. అయినా ఒక ప్రశ్న మాత్రం చరిత్రదే: అన్ని చెరువులు కట్టిన రాజ్యానికి పక్క అడవిలో కరువెందుకు కనిపించలేదు? చెరువు నీళ్ళు కట్ట కింది పొలానికే పారతాయి. కప్పం లెక్కకు మాత్రం కట్ట అడ్డం రాలేదు.

వాన కూడా అందరినీ ఒకేలా చూడదు. 2023 జులైలో రామప్పకు దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. ఆ వరదకే జంపన్న వాగు పొంగి కొండాయి ఊళ్ళో మనుషుల్ని పొట్టన పెట్టుకుంది. రామప్ప గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చి అప్పటికి సరిగ్గా రెండేళ్ళు.

గద్దెల దగ్గర ఆ రోజు జనం పల్చగా ఉన్నారు. ఒకామె తడిసిన కొంగు కింద బెల్లం ముద్ద దాచుకుని తెచ్చింది. ఇక్కడ బెల్లాన్ని బంగారం అంటారు. రెండేళ్ళకోసారి జాతరలో లక్షలాది మంది తమ ఎత్తు బంగారం తూచి సమర్పిస్తారు. రాజుకు కప్పం కట్టలేదని యుద్ధం జరిగిన చోట, ఏ సైన్యమూ అడక్కుండానే, ఏడు వందల ఏళ్ళ తర్వాత కూడా చెల్లింపు ఆగలేదు.

వాన తెరిపిచ్చాక సైకిళ్ళు తిప్పుకున్నాం.