చలికాలపు కుబుసం

డిసెంబరు మధ్యలో మా అమ్మాయి పెంచుకుంటున్న కార్న్ స్నేక్ కళ్ళు పాలు కలిపినట్టు నీలంగా మసకబారాయి. అప్పటికి దాన్ని బేస్‌మెంట్లో, 13 డిగ్రీల చలిలో పెట్టి నెలయింది. పాత పొరకీ కొత్త పొరకీ మధ్య ద్రవం చేరితే కళ్ళు అలా అవుతాయి. అంటే కుబుసం విడవబోతోందన్నమాట. గుంటూరు జిల్లాలో మా గడ్డివాము పక్కన కుబుసం కనిపిస్తే నాయనమ్మ దణ్ణం పెట్టుకునేది. విడుస్తున్న పామును మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

పామును కావాలని చలిలో పెట్టడమేమిటని మొదట్లో నాకు బాధగా ఉండేది. పాత సంగతులు చదివాక ఆ బాధ పోయింది. 1953లో, మేముంటున్న ఈ నార్త్ కరోలినాలోనే, నలుపు లేని మగ కార్న్ స్నేక్ ఒకటి దొరికింది. జార్జియాలో చర్మవైద్యుడైన బెర్నార్డ్ బెక్టెల్ దాన్ని మామూలు ఆడపాముతో జతకట్టించాడు. పిల్లలన్నీ మామూలు రంగులోనే పుట్టాయి. అవి పెరిగి, మళ్ళీ జతకట్టి, 1961లో ఎర్రకళ్ళ పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చాయి. మరుసటేడు ఆయన, భార్య ఎలిజబెత్ కలిసి ఆ వంశక్రమాన్ని ప్రచురించారు. ఒక్క రంగు కోసం ఎనిమిదేళ్ళు! ఇవాళ అంగళ్ళలో కనిపించే నారింజరంగు పాముల వెనక ఆ ఓర్పు ఉంది.

అలా జతలు కట్టించేవాళ్ళకి చలికాలం పనిముట్టయింది. ఈ పాములు అడవిలో శీతాకాలమంతా బొరియల్లో, మొద్దుల కింద గడిపి, వసంతంలో జతకోసం బయల్దేరతాయి. ఇంట్లోనూ ఆ చలి తగిలితే జతకట్టడం సులువని పెంచేవాళ్ళు గ్రహించారు. పాముల్లాంటి జీవుల ఈ చలికాలపు మగత క్షీరదాల శీతనిద్రలాంటిది కాదని, కాలిఫోర్నియాలో కొమ్ముబల్లుల మీద పనిచేసిన విల్బర్ మేహ్యూ 1965లో దీనికి ‘బ్రూమేషన్’ అని పేరు పెట్టాడు.

పద్ధతి చిన్నదే. చలిలోకి దించే ముందు రెండు వారాలు మేత ఆపాలి. లేకపోతే అరగని ఎలుక కడుపులోనే కుళ్ళుతుంది. తర్వాత చీకటి, కదిలించకుండా ఉంచడం, ఎప్పుడూ మంచినీళ్ళు.

కుబుసమే చిక్కు. హీటర్ల గాలికి ఇల్లు ఎండిపోతుంది. పొర కంటిమీదో తోకచివరో అతుక్కుంటే, అది బిగిసి తోక కొన చచ్చిపోవచ్చు. అలాగని పెట్టె అంతా తడిపితే ఆ చలికి ఊపిరితిత్తులకి జబ్బు చేస్తుంది. తడి నాచు నింపిన డబ్బా ఒకటి మూలన పెట్టి, మిగతాదంతా పొడిగా ఉంచాం. వేడి పెంచుదామని నేనన్నాను. మా అమ్మాయి వద్దంది. అదే సరైన మాట. పొరను చేత్తో లాగడం అంతకన్నా తప్పు.

వేసవిలో వారంలో అయ్యే పనికి చలిలో మూడు వారాలు పట్టింది. జనవరి మొదట్లో ఒక ఉదయం, మూతి దగ్గర మొదలై మేజోడు తిరగేసినట్టు, తోకదాకా ఒక్క ముక్కగా విడిచిన కుబుసం నాచు మీద పడుంది. అమ్మాయి దాన్ని కిటికీ వెలుగుకి పట్టి, ముందు తల వెతికింది. రెండు కంటిపొరలూ ఉన్నాయి.