పార్కిన్సన్స్ వ్యాధి నిర్ధారణలో మెదడు స్కాన్ల స్వయంచాలక విశ్లేషణ

మెదడు స్కాన్లను కంప్యూటర్ ప్రోగ్రాములతో కొలిచి, పార్కిన్సన్స్ వ్యాధి (కంపవాతం) ఉందో లేదో, ఉన్నది అదేనో లేక దాన్ని పోలిన వేరే జబ్బో తేల్చే విధానమే స్వయంచాలక విశ్లేషణ. 1980లలో పెట్ చిత్రాలతో దీనికి పునాది పడింది. 1990లలో గణాంక నమూనాలు, 2010 తరువాత మెషీన్ లెర్నింగ్ వచ్చి చేరాయి. ఈ నాలుగు దశాబ్దాల చరిత్రను నడిపించిన ప్రశ్న ఒక్కటే: ఎదుట ఉన్న స్కాన్‌ను దేనితో పోల్చాలి? దానికి మెరుగైన జవాబు దొరికిన ప్రతిసారీ నిర్ధారణ మెరుగుపడింది. ఆ ప్రశ్నను పట్టించుకోని చోట ఎంత శక్తిమంతమైన ప్రోగ్రాము అయినా తప్పుదోవ పట్టింది.

నేపథ్యం

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఆరుగురు రోగుల లక్షణాలను వర్ణిస్తూ ఈ వ్యాధిపై ప్రసిద్ధ వ్యాసం ప్రచురించాడు. మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగంలోని నాడీకణాలు ఈ రోగుల్లో నశిస్తాయని కాన్‌స్టాంటిన్ ట్రెటియాకాఫ్ 1919లో పారిస్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథంలో చూపాడు. ఆ కణాలు స్ట్రయేటమ్ అనే భాగానికి డోపమైన్ అందిస్తాయి. మరణించిన రోగుల స్ట్రయేటమ్‌లో డోపమైన్ బాగా తగ్గిపోయి ఉందని 1960లో వియన్నాలో ఎహ్రింగర్, హార్నికివిచ్ నిరూపించారు.

ఇవన్నీ మరణానంతర పరీక్షల్లో తేలిన సంగతులు. బతికున్న మనిషి విషయంలో వైద్యుడికి లక్షణాలే దిక్కు: వణుకు, కండరాల బిగుతు, కదలికల్లో మందకొడితనం. ఈ ఆధారం ఎంత గట్టిదో 1992లో లండన్ పరిశోధకులు తేల్చారు. నాడీవైద్య నిపుణులు పార్కిన్సన్స్ అని నిర్ధారించిన 100 మంది మెదళ్లను మరణానంతరం పరిశీలిస్తే, 76 మందిలోనే ఆ వ్యాధి ఉన్నట్టు రుజువైంది.

పొరపాటుకు తావిచ్చే జబ్బులు చాలానే ఉన్నాయి. మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ, ప్రోగ్రెసివ్ సూప్రాన్యూక్లియర్ పాల్సీ అనేవి మొదట్లో అచ్చం పార్కిన్సన్స్‌లాగే కనిపిస్తాయి. పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మందుకు ఇవి సరిగా లొంగవు, వేగంగా ముదురుతాయి. వీటికి తోడు ఎసెన్షియల్ ట్రెమర్ అనే వణుకు ఉంది. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు, తలతిరుగుడుకు వాడే సిన్నరిజిన్ వంటి మందులు కూడా కొందరిలో ఇవే లక్షణాలు తెచ్చిపెడతాయి. స్కాన్ అవసరం ఇక్కడే పుట్టింది.

చిత్రం నుంచి సంఖ్యకు

కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్నెట్, ఫిర్నావ్, నహ్మియాస్ 1983లో ఫ్లోరోడోపా అనే రేడియోధార్మిక పదార్థంతో బతికున్న మనిషి మెదడులో డోపమైన్ నిల్వ ఉండే చోటును పెట్ స్కాన్‌లో చూపగలిగారు. 1990లలో స్పెక్ట్ స్కాన్లు ఇదే పనిని మరింత సులువు చేశాయి. డోపమైన్‌ను నాడీకణంలోకి వెనక్కి లాక్కునే ట్రాన్స్‌పోర్టర్‌కు అంటుకునే పదార్థాన్ని ఎక్కించి ఈ స్కాన్ తీస్తారు. ఈ తరగతిలో బాగా పేరుపడ్డ అయోఫ్లుపేన్ (వ్యాపారనామం డాట్‌స్కాన్)కు 2000లో ఐరోపాలో, 2011లో అమెరికాలో అనుమతి లభించింది.

ఆరోగ్యవంతుల స్కాన్‌లో స్ట్రయేటమ్ రెండు వైపులా కామా ఆకారంలో వెలుగుతుంది. కామా తల కాడేట్, తోక పుటామెన్. పార్కిన్సన్స్‌లో ముందు పుటామెన్ వెనుక భాగం మసకబారుతుంది. తోక పోయి చుక్క మిగులుతుంది. తొలిదశలో ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఈ మార్పు ఉంటుంది. ముదిరిన జబ్బును కంటితోనే పట్టుకోవచ్చు. తోక సగమే మసకబారినప్పుడు మాత్రం ఇద్దరు నిపుణులు రెండు మాటలు చెప్పే అవకాశం ఉంది.

అందుకే కొలత అవసరమైంది. స్ట్రయేటమ్‌లో నమోదైన రేడియోధార్మికత నుంచి, ట్రాన్స్‌పోర్టర్లు దాదాపు లేని మెదడు వెనుక భాగపు విలువను తీసివేసి, వచ్చినదాన్ని అదే వెనుక భాగపు విలువతో భాగిస్తారు. దీన్ని బైండింగ్ నిష్పత్తి అంటారు. మొదట్లో ఈ భాగాల సరిహద్దులను చేత్తో గీసేవారు. తరువాత ఆ పనిని ప్రోగ్రాములు అందుకుని, కుడి ఎడమ విలువలను విడివిడిగా ఇవ్వసాగాయి.

ఆ విలువ తక్కువో కాదో చెప్పాలంటే ఆరోగ్యవంతుల విలువలు చేతిలో ఉండాలి. పలు ఐరోపా కేంద్రాలు కలిసి 139 మంది ఆరోగ్యవంతుల స్కాన్లతో రూపొందించిన డేటాబేస్ వివరాలు 2013లో వెలువడ్డాయి. జబ్బు లేకపోయినా పదేళ్లకు సుమారు 5.5 శాతం చొప్పున ఈ విలువ తగ్గుతుందని అందులో తేలింది. 75 ఏళ్ల మనిషి స్కాన్‌ను 40 ఏళ్ల మనిషి ప్రమాణంతో కొలిస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది.

డోపమైన్ స్కాన్‌కు మరో హద్దు ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ, మందుల వల్ల వచ్చే లక్షణాల్లోనూ స్కాన్ మామూలుగానే ఉంటుంది కాబట్టి వాటిని పార్కిన్సన్స్ నుంచి వేరు చేయగలదు. మల్టిపుల్ సిస్టమ్ అట్రఫీ, సూప్రాన్యూక్లియర్ పాల్సీల్లో కూడా డోపమైన్ కణాలు నశిస్తాయి కనుక ఆ మూడింటినీ విడదీయడం దీనికి కష్టం.

జీవక్రియ నమూనాలు

ఈ చిక్కుకు న్యూయార్క్‌లో డేవిడ్ ఐడెల్‌బర్గ్ బృందం వేరే దారి వెతికింది. వారు డోపమైన్‌కు బదులు మెదడు మొత్తం గ్లూకోజును ఎలా వాడుకుంటుందో ఎఫ్‌డీజీ పెట్‌తో చూశారు. ఏ భాగానికి ఆ భాగాన్ని విడిగా కొలవకుండా, ఏయే భాగాలు కలిసి పెరుగుతున్నాయో, ఏవి కలిసి తగ్గుతున్నాయో గణాంక పద్ధతితో వెలికితీశారు. 1994లో ఈ బృందం పార్కిన్సన్స్‌కు ప్రత్యేకమైన జీవక్రియ నమూనాను ప్రచురించింది. పాలిడమ్, థాలమస్, పాన్స్, చిన్నమెదడుల్లో చురుకు పెరగడం, ప్రీమోటార్, పెరైటల్ ప్రాంతాల్లో తగ్గడం దాని లక్షణం. మిగతా రెండు జబ్బులకూ విడివిడి నమూనాలు తయారయ్యాయి.

2010లో లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ దారిలో మైలురాయి. నిర్ధారణ స్పష్టంగా తేలని 167 మంది స్కాన్లను ప్రోగ్రాముకు ఇచ్చి, సగటున 2.6 సంవత్సరాల తరువాత నిపుణులు ఇచ్చిన తుది నిర్ధారణతో సరిపోల్చారు. ఆ నిపుణులకు ప్రోగ్రాము జవాబు తెలియనివ్వలేదు. ప్రోగ్రాము పార్కిన్సన్స్ అని చెప్పినవారిలో 98 శాతం మంది విషయంలో ఆ మాట నిజమైంది. ఏళ్లు గడిస్తే గాని తేలని సంగతిని ఒక స్కాన్ ముందే చెప్పగలదని అప్పుడు రుజువైంది.

ఎంఆర్ఐ వైపు

పెట్, స్పెక్ట్ స్కాన్లకు రేడియోధార్మిక పదార్థం కావాలి. ఎంఆర్ఐకి అది అక్కర్లేదు, పైగా ఎక్కువ ఊళ్లలో దొరుకుతుంది. అయితే మామూలు ఎంఆర్ఐలో పార్కిన్సన్స్ రోగి మెదడు తొలిదశలో దాదాపు ఆరోగ్యవంతుడి మెదడులాగే కనిపిస్తుంది. అందుకని తొలి విజయాలు పోలిక జబ్బులను పట్టుకోవడంలో వచ్చాయి. సూప్రాన్యూక్లియర్ పాల్సీలో మధ్యమెదడు కుంచించుకుపోతుంది. దీన్ని ఆసరా చేసుకుని ఇటలీకి చెందిన క్వాట్రోన్ బృందం 2008లో ఎంఆర్ పార్కిన్సనిజం ఇండెక్స్‌ను ప్రతిపాదించింది. పాన్స్, మధ్యమెదడుల వైశాల్యాల నిష్పత్తిని, చిన్నమెదడును కలిపే రెండు కాడల మందాల నిష్పత్తితో గుణిస్తే ఆ విలువ వస్తుంది. ఈ కొలతను తరువాత ప్రోగ్రాములే తీయసాగాయి.

సబ్‌స్టాన్షియా నైగ్రాను నేరుగా చూసే మార్గాలూ తెరుచుకున్నాయి. ఆ భాగానికి నల్లరంగునిచ్చే న్యూరోమెలనిన్‌ను 3 టెస్లా ఎంఆర్ఐలో చూపిన జపాన్ పరిశోధన 2006లో వెలువడింది. నైగ్రోజోమ్-1 అనే చిన్న భాగం ఆరోగ్యవంతుల్లో స్వాలో పిట్ట తోకను పోలి రెండుగా చీలినట్టు ఉంటుందని, పార్కిన్సన్స్‌లో ఆ ఆకారం చెరిగిపోతుందని 2014లో నాటింగ్‌హామ్ పరిశోధకులు వివరించారు.

అమెరికాలో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ వైలన్‌కోర్ట్ బృందం నీటి అణువుల కదలికను పట్టుకుంది. కణాలు నశించిన చోట నీరు అడ్డులేకుండా కదులుతుంది. డిఫ్యూజన్ ఎంఆర్ఐ ఆ కదలికను కొలుస్తుంది. అమెరికా, జర్మనీ, ఆస్ట్రియాల్లోని 17 కేంద్రాల నుంచి 1,002 మంది స్కాన్లతో వారు రూపొందించిన పద్ధతి 2019లో వెలువడింది. 2025లో అమెరికా, కెనడాల్లోని 21 కేంద్రాల్లో దాన్ని ముందుగా వేసుకున్న ప్రణాళిక ప్రకారం 249 మందిపై పరీక్షించారు. మరణానంతరం మెదడు పరీక్ష జరిగిన 49 మందిలో 46 మంది విషయంలో ప్రోగ్రాము చెప్పినదే నిజమైంది. 1992 నాటి 76 శాతంతో పోల్చి చూస్తే ఈ ప్రయాణం విలువ అర్థమవుతుంది.

మెషీన్ లెర్నింగ్, దాని ఉచ్చులు

మైకేల్ జె. ఫాక్స్ ఫౌండేషన్ 2010లో ప్రారంభించిన పీపీఎంఐ అధ్యయనం రోగుల, ఆరోగ్యవంతుల స్కాన్లను ప్రపంచ పరిశోధకులందరికీ అందుబాటులో ఉంచింది. ఆ తలుపు తెరుచుకోగానే పని జోరందుకుంది. ఐఐటీ ఢిల్లీకి చెందిన బృందం 2014లో కుడి, ఎడమ కాడేట్, పుటామెన్‌ల నాలుగు విలువలతోనే తొలిదశ రోగులను 96 శాతం కచ్చితత్వంతో గుర్తించింది. 2017లో సియోల్ పరిశోధకులు డీప్ లెర్నింగ్ పద్ధతిని పీపీఎంఐ స్కాన్లతో నేర్పించి, తమ ఆసుపత్రి రోగుల మీద విడిగా పరీక్షించారు. వేరేచోట పరీక్షించడం ఆ పని విలువను పెంచింది.

అందరూ అంత జాగ్రత్త పడలేదు. ఒక మనిషి ఎంఆర్ఐలో పదుల కొద్దీ పొరలుంటాయి. వాటిలో కొన్నిటితో నేర్పి, అదే మనిషి మిగతా పొరలతో పరీక్ష పెడితే ప్రోగ్రాము జబ్బును కాకుండా మనిషినే గుర్తుపడుతుంది. ఈ తప్పు వల్ల కచ్చితత్వం ఎంత ఉబ్బుతుందో 2021లో ఒక అధ్యయనం లెక్కగట్టింది: పీపీఎంఐ స్కాన్లలో 48 శాతం. జబ్బు పేర్లను ఇష్టమొచ్చినట్టు కలిపేసి అర్థం లేకుండా చేసినా, ఈ తప్పుడు పరీక్షలో ప్రోగ్రాముకు 90 శాతానికి పైగా మార్కులు వచ్చాయి. మనుషులవారీగా సరిగా విడదీసినప్పుడు అవి బొమ్మా బొరుసూ వేసినంతకు, అంటే సగానికి, పడిపోయాయి. అందుకే ఏ ప్రోగ్రాము గురించి విన్నా మొదట అడగవలసింది, ముందెన్నడూ చూడని మనుషుల మీద, మరో ఆసుపత్రి యంత్రం మీద దాన్ని పరీక్షించారా అని.

భారతదేశంలో

అయోఫ్లుపేన్‌కు కావలసిన అయోడిన్-123 సైక్లోట్రాన్‌లో తయారవుతుంది, సుమారు 13 గంటల్లో సగమవుతుంది. భారతీయ ఆసుపత్రుల్లో ట్రోడాట్ అనే ప్రత్యామ్నాయం వాడుకలోకి వచ్చింది. దానికి కావలసిన టెక్నీషియం-99ఎమ్‌ను న్యూక్లియర్ మెడిసిన్ విభాగాల్లోని జనరేటర్ నుంచే తీయవచ్చు. ఐడెల్‌బర్గ్ బృందం ప్రోగ్రామును న్యూఢిల్లీలో స్కాన్ చేసిన రోగులపై ప్రయోగించిన అధ్యయనం 2016లో వెలువడింది. అమెరికాలో పుట్టిన నమూనాలు ఇక్కడి రోగుల విషయంలోనూ పనికొస్తాయని అది చూపింది.

పోలిక ప్రమాణం విషయంలో తెలుగు నేల నుంచి ఒక విలువైన కృషి జరిగింది. ఏ స్కాన్‌నైనా కొలిచే ముందు ప్రోగ్రాము దాన్ని ఒక నమూనా మెదడు ఆకారానికి సరిపెడుతుంది. 1988 నాటి తాలైరాక్ అట్లాస్‌కు ఆధారం ఒక ఫ్రెంచి మహిళ మెదడు. తరువాత విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మాంట్రియల్ నమూనా 152 మంది స్కాన్ల సగటు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి నాయకత్వంలోని బృందం 100 మంది భారతీయుల ఎంఆర్ఐలతో 2019లో భారతీయ మెదడు అట్లాస్‌ను వెలువరించింది. భారతీయుల మెదడు ఎత్తు, వెడల్పు, ఘనపరిమాణం సగటున పాశ్చాత్య నమూనా కంటే తక్కువని అందులో తేలింది. అది ఆరోగ్యవంతులైన యువతీయువకుల అట్లాస్. పార్కిన్సన్స్ ఎక్కువగా 60 ఏళ్లు దాటినవారికి వస్తుంది కాబట్టి, ఇక్కడి వృద్ధుల స్కాన్లతో ఇలాంటి ప్రమాణాన్ని నిర్మించడం ఈ రంగంలో మన పరిశోధనశాలలు తలకెత్తుకోవలసిన పని.

ప్రస్తుత స్థితి

వణుకు మొదలయ్యే నాటికే స్ట్రయేటమ్‌కు చేరే డోపమైన్ తంతువుల్లో గణనీయమైన భాగం దెబ్బతిని ఉంటుంది. అందువల్ల ఇప్పటి పరిశోధన లక్షణాలకు ముందు దశ వైపు సాగుతోంది. 2023లో పీపీఎంఐలో పాల్గొన్న 1,123 మంది వెన్నుపాము ద్రవాన్ని పరీక్షించి, గూడుకట్టిన ఆల్ఫా సైన్యూక్లిన్ ప్రోటీన్‌ను గుర్తించే పద్ధతి ఫలితాలు వెలువడ్డాయి. స్కాన్ ఎక్కడ నష్టం జరిగిందో చెబుతుంది, ఈ పరీక్ష ఆ నష్టం వెనుక ఏ ప్రోటీన్ ఉందో చెబుతుంది. రెండూ ఒకదానికొకటి తోడు.

పార్కిన్సన్స్ నిర్ధారణ నేటికీ వైద్యుడు రోగిని స్వయంగా పరీక్షించి చేసేదే. వణుకుతో వచ్చిన ప్రతివారికీ స్కాన్ అవసరం లేదు. లక్షణాలు అనుమానం మిగిల్చినప్పుడు, మందు ఆశించినట్టు పనిచేయనప్పుడు, సరైన ప్రమాణంతో పోల్చిన స్వయంచాలక విశ్లేషణ వైద్యుడి చేతిలో నమ్మదగిన సాధనం.