పిల్లల సాఫ్టుబాలు – కొలతల చరిత్ర

పిల్లల ఆటలను గూర్చి పెద్దల యెదుట ప్రసంగించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఆటలకు నియమములు చేయువారు పెద్దలే. ఆ నియమములు పిల్లల బలమునకు తగియున్నవో లేవో విచారింపవలసినవారును పెద్దలే. అందుచేత అమెరికా దేశమున పుట్టిన సాఫ్టుబాలు అను ఆట పిల్లల చేతికి, ముఖ్యముగా బాలికల చేతికి, ఏ విధముగా వచ్చినదో నేడు మీకు మనవి చేయదలచితిని.

ముందుగా ఆట స్వరూపమును చెప్పెదను. క్రికెట్టు నెఱిగినవారికి ఇది సులభముగా బోధపడును. ఇందు వికెట్లుండవు. నేలపై చతురస్రముగా నాలుగు స్థానముల నేర్పఱతురు. వీనిని బేసు లందురు. చతురస్రము నడుమనుండి ఒకరు బంతిని విసరుదురు. చేతిని భుజముపైకెత్తి విసరరాదు. క్రిందినుండి ఊపి విసరవలెను. ఎదుటివారు గుండ్రని కఱ్ఱతో దానిని కొట్టి, మూడు బేసులను వరుసగా త్రొక్కి, బయలుదేరిన చోటికి మరల చేరినచో ఒక పరుగు లభించును. ముగ్గురు ఔటైనచో ఆ పక్షమువారి వంతు ముగియును.

దీనికి తల్లియైన ఆట బేసుబాలు. దాని బంతి గట్టిది. పెద్దల పందెములలో బేసునకు బేసునకు 90 అడుగుల దూరముండును. అంతటి మైదానము అందఱకును దొరకదు. 1887వ సంవత్సరము నవంబరు నెలలో చికాగో నగరమున ఫరాగట్ పడవల సంఘమువారి భవనమునందు కొందఱు యువకులు కూడి, యేలు, హార్వర్డు విద్యాలయముల ఫుట్‌బాలు పందెపు వార్తకై వేచియుండిరి. యేలు గెలిచినదని తెలిసినంతనే ఒకడు ఉత్సాహముతో ముష్టియుద్ధపు చేతితొడుగును విసరగా, మఱియొకడు దానిని కఱ్ఱతో కొట్టెనట. జార్జి హాంకాకు అనునతడు దానిని చూచి, ఆ తొడుగును బంతివలె బిగించి కట్టి, నేలపై సుద్దతో గీతలు గీసి, ఆ గదిలోనే ఆట నారంభించెను. 1895లో మినియాపొలిసు నగరమున అగ్నిమాపక దళోద్యోగియైన లూయీ రోబరు, పనిలేని వేళల తన దళమువారికి వ్యాయామము కల్పించుటకై, ఠాణా ప్రక్కనున్న ఖాళీ స్థలమున ఇట్టి ఆటనే ఆడించెను. 1926లో వాల్టరు హాకన్‌సను అనునతడు దీనికి సాఫ్టుబాలను పేరు సూచించెను. మెత్తనిబంతి యని దాని యర్థము. ఈనాటి బంతి మాత్రము పేరునకే మెత్తనిది! 1933లో చికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనమున పెద్ద పందెము జరుపుటతో ఈ ఆట దేశమంతట వ్యాపించెను.

ఇంతవఱకు ఆట స్థలమునుబట్టి చిన్నదయ్యెను. పిల్లలనుబట్టి ఆటను చిన్నది చేయవలెనను ఆలోచన బేసుబాలునందే మొదట ఫలించెను. పెన్సిల్వేనియాయందలి విలియమ్స్‌పోర్టు పట్టణవాసి కార్లు స్టాట్జు, 1938లో ఇరుగుపొరుగు బాలురను పిలిచి ఆడించుచు, ఎంత దూరమైన వారి కాళ్లకు, చేతులకు సరిపోవునో పరీక్షించెను. బేసుల దూరమును 90 అడుగులనుండి 60 అడుగులకు తగ్గించి, 1939లో లిటిలు లీగు అను పిల్లల సంస్థను స్థాపించెను.

కాని అది బాలురకు మాత్రమే. 1950లో న్యూయార్కు రాష్ట్రపు కార్నింగు పట్టణమున కాత్రిను జాన్‌స్టను అను బాలిక జుట్టు కత్తిరించుకొని, మగపేరు పెట్టుకొని జట్టులో చేరి ఆడెను. మఱుసటి యేడు బాలికలు ఆడరాదని స్పష్టముగ నియమము చేసిరి. 1972లో న్యూజెర్సీయందలి హొబోకెనులో మరియా పెపీ అను పండ్రెండేండ్ల పిల్ల మూడు పందెములాడిన పిమ్మట, ఆమెను తొలగింపనిచో జట్టుల గుర్తింపు రద్దగునని సంస్థవారు హెచ్చరించిరి. ఆమె మానవలసివచ్చెను. స్త్రీల సంఘమువారు ఆమె పక్షమున వ్యాజ్యము వేసిరి. 1973లో విచారణాధికారిణి సిల్వియా ప్రెస్లరు బాలికల పక్షమున తీర్పు చెప్పెను. 1974లో న్యాయస్థానము దానిని ఖాయపఱచెను. అప్పటికి మరియాకు ఆడు వయస్సు దాటిపోయెను. ఆమె వేసిన బాటపై తరువాతివారు నడచిరి.

ఆ 1974లోనే సంస్థవారు బాలికలకు ద్వారము తెఱచి, సాఫ్టుబాలు శాఖనుగూడ నెలకొల్పిరి. బాలికలను బేసుబాలునుండి ప్రక్కకు తప్పించుటకే ఇది యని ఆక్షేపించినవారును కలరు. ఆ యాక్షేపణను నేను త్రోసిపుచ్చను. అయినను ఆ శాఖ వలన లక్షలకొలది పిల్లలకు ఆట లభించిన మాటయు నిజమే.

ఇక కొలతలు. పెద్దల బంతి చుట్టుకొలత 12 అంగుళములు, తూకము 15 మొదలు 17 తులములు. చిన్న శ్రేణివారికి 11 అంగుళముల బంతి నిత్తురు. అది చిన్న పిడికిలికి పట్టు దొరకును. పెద్ద స్త్రీలు 43 అడుగుల దూరమునుండి విసరుదురు. లిటిలు లీగులో పండ్రెండేండ్లవారికి 40, చిన్నవారికి 35 అడుగులు. కొట్టు కఱ్ఱ 33 అంగుళములకు మించరాదు. పెద్దల పందెమున ఏడు వంతులు, పిల్లలకు ఆఱే. మఱింత పసివారికి విసరుటయే లేదు. నిలువు కడ్డీపై బంతి నుంచి కొట్టింతురు. దీనికి టీబాలని పేరు. కొట్టువారికిని పరుగెత్తువారికిని తలకు శిరస్త్రాణము తప్పదు. కొట్టువాని వెనుక బంతి పట్టువారికి ముఖమునకు కంచె, రొమ్మునకు కవచము, మోకాళ్లకు, ముంగాళ్లకు రక్షణములు విధించిరి. మఱియొక నియమము నాకు మిక్కిలి నచ్చినది: నేర్పరియైనను కాకున్నను, జట్టులో చేరిన ప్రతి పిల్లకును ఆడు వంతు కల్పింపవలెను.

1996లో అట్లాంటాయందు ఈ ఆట స్త్రీల పందెముగా ఒలింపిక్సున చేరెను. మన తెలుగు నాటి పాఠశాలల పోటీలలోను నేడు బాలబాలికలు దీనిని ఆడుచున్నారు. కొలతల సంగతి మనకు క్రొత్తదికాదు. బిళ్ళంగోడు ఆడు పిల్లవాడు గోడును తన చేతికి తగినంతగానే నఱకుకొనును. అన్నగారి గోడు తమ్మునికి బరువని వానికి ఎవరును చెప్పనక్కఱలేదు. పిల్లలు తమంతట తాము చేసికొను ఈ సవరణను పెద్దలు నియమముగ వ్రాయుటకు 1938 వఱకు, బాలికల పేరు అందు చేర్చుటకు 1974 వఱకు పట్టినది.

పెద్దలారా! మీ గ్రామపు బడిలో క్రొత్త బంతియు కఱ్ఱయు వచ్చిన దినమున వానిని ఒక్కసారి మీ చేతితో ఎత్తి చూడుడు. ఆ బరువును పదియేండ్ల పిల్ల మోయగలదా? ఆ మైదానమున బాలికలకు వంతు కలదా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు మీరే.