ఎరుపు తెలియని పలకలు

చుక్కల్ని ఫోటో తీయడం ఈనాటి సరదా అనుకుంటాం గానీ, మన నిజాం రాజ్యంలో అది వందేళ్ళు దాటిన పని. నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదు ఫిసల్‌బండలో సొంత డబ్బుతో వేధశాల పెట్టుకున్నాడు. ఆయన పోయాక 1908లో సర్కారు దాన్ని తీసుకుంది, తర్వాత అది బేగంపేటకు చేరింది. ఆకాశమంతా ఫోటోలు తీసి పటం గీద్దామని 1887లో పారిస్‌లో అనుకున్న పనిలో మనవాళ్ళకీ ఒక పట్టీ వాటాకొచ్చింది. అనూరాధ చుక్కలు కొన్ని అందులోవే. పోకాక్, ఆయన తర్వాత భాస్కరన్ అధికారులుగా ఉండి, మొత్తం ఏడున్నర లక్షల పైచిలుకు చుక్కల స్థానాలు కొలిపించారు.

మరి ఆ వెలుగును పట్టిందెవరు? గాజు పలక! ఆ పథకంలో పలక పదహారు సెంటీమీటర్ల చదరం, పైన వెండి లవణం కలిపిన జిలాటిన్ పూత. ఇప్పటి పెద్ద కెమెరాల సెన్సర్లు ముప్పై పరిస్తే గానీ ఒక పలక నిండదు. కానీ మీద పడిన వెలుగులో వందకి ఒకటీ రెండు పాళ్ళే దానికి దక్కేది. పైగా నీలం బాగా పట్టే ఆ పూతకి ఎరుపంటే దాదాపు గుడ్డితనం. జ్యేష్ఠ లాంటి ఎర్రచుక్క దాని మీద అసలుకన్నా మందంగా పడేది.

1969లో అమెరికాలో పుట్టిన సీసీడీ ఆ పలకల్ని మూలకు నెట్టింది. ఇప్పటి మంచి సెన్సర్లు వందకి ఎనభై పాళ్ళు పట్టేస్తాయి. ఇంక బెంగ లేదనుకుంటాం గదా! మా ఖిలా వరంగల్‌లో మా చెల్లెలి కూతురు, మృగశిర, ఆరుద్రల దాపున ఉన్న ఓరియన్ నెబ్యులా ఫోటో తీస్తానని కెమెరా బేరానికి దిగింది. "పెద్దమ్మా, ఎన్ని మెగాపిక్సెళ్ళు కావాలి?" అంది. అది కాదే, ఎరుపు పట్టుతుందా అనడుగు అన్నాను. ఆ నెబ్యులా వెలుగులో హైడ్రోజన్ ఎరుపు చాలా ఉంది. మామూలు కెమెరాల్లో మన ముఖాల రంగు బావుండాలని సెన్సర్ ముందు గాజు పెట్టి ఆ ఎరుపును చాలావరకు ఆపేస్తారు. పాత పలకల గుడ్డితనం, కొత్త ముసుగులో!

కోటలో వీధిదీపాల గోల వేరే. అందుకే ఆ ఒక్క ఎరుపునే పోనిచ్చి దీపాల వెలుగును చాలామటుకు ఆపే ఫిల్టరూ, దానికి నలుపు-తెలుపు సెన్సరూ. రంగుల సెన్సర్‌లో నాలుగు గళ్ళకొక్కటే ఎరుపుది. ఇందులో అన్నీ పనిచేస్తాయి. చల్లబరిచే మరకూడా ఉండాలి, లేకపోతే మా వేసవి రాత్రి వేడికి సెన్సరే లేని చుక్కలు పుట్టిస్తుంది.

ఇంత డబ్బుపోసి రంగులు లేని కెమెరా ఏమిటని మా చెల్లెలు ఇంకా గొణుగుతూనే ఉంది.