ఫ్లాష్‌మన్ ఒక్కడే దోషా?

1857లో ‘టామ్ బ్రౌన్స్ స్కూల్ డేస్’ నవల వచ్చినప్పుడు దాని మీద రచయిత పేరు లేదు. రాసింది ముప్ఫై నాలుగేళ్ల లండన్ లాయరు థామస్ హ్యూస్. ఎనిమిదేళ్ల కొడుకు బడికి వెళ్లే రోజు దగ్గరపడుతుంటే, వాడికి ముందుగా ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ, రగ్బీ పాఠశాలలో తాను గడిపిన 1834-42 నాటి రోజులను తవ్వుకున్నాడు. చిన్నవాళ్లను హింసించే పెద్దకుర్రాడికి ఇంగ్లిష్ సాహిత్యంలో చెరగని రూపం ఆ తవ్వకంలోంచే వచ్చింది. గుర్రప్పందెం లాటరీలో గెలిచేలా ఉన్న గుర్రం చీటీ టామ్‌కు వస్తుంది. అది అమ్మనన్నందుకు ఫ్లాష్‌మన్ వాణ్ణి నిప్పుగూటి ముందు పట్టి ఒళ్లు కాలుస్తాడు. ఈ ఘట్టం అంత బలంగా ఉండడమే చిక్కు అని నా వాదన. పాపమంతా ఒక్కడి నెత్తిన పడేసరికి, వాణ్ణి అంతవాణ్ణి చేసిన ఆచారం తప్పించుకుంది.

ఆ ఆచారం ఫ్యాగింగ్. పెద్ద తరగతుల వాళ్లకు చిన్నవాళ్లు ఊడిగం చేయడమన్నమాట. రాత్రి భోజనమయ్యాక తొమ్మిదింటిదాకా ముగ్గురు పిల్లలు నడవాలో కాచుకుని ఉండాలి. ‘ఫ్యాగ్’ అని కేక వినబడగానే పరుగెత్తాలి, చివర చేరినవాడికే పని. బీరు, రొట్టె, జున్ను పట్టుకురావడం, కొవ్వొత్తి స్టాండ్లు తోమడం లాంటివి. నవలలో టామ్, అతని స్నేహితుడు ఈస్ట్ ఎదురుతిరిగేది ఈ ఊడిగం మీద కాదు. చేయించుకునే హక్కు పై తరగతైన ఆరో ఫారం వాళ్లదే గానీ ఐదో ఫారం ఫ్లాష్‌మన్‌ది కాదన్నదే వాళ్ల పేచీ. చివరికి ఫ్లాష్‌మన్‌ను బడినుంచి వెళ్లగొట్టింది కూడా తప్పతాగి దొరికినందుకు, పసివాణ్ణి కాల్చినందుకు కాదు! (1969లో జార్జ్ మెక్‌డొనాల్డ్ ఫ్రేజర్ ఇతగాణ్ణే కథానాయకుణ్ణి చేసి నవలల వరసే మొదలుపెట్టాడు. దుర్మార్గుడికి ఉండే ఆకర్షణ అలాంటిది.)

1828 నుంచి 1842 దాకా రగ్బీ హెడ్మాస్టరుగా ఉన్న థామస్ ఆర్నాల్డ్, ఆరో ఫారానికి బాధ్యత అప్పగించి పాత అరాచకానికి కళ్లెం వేశాడు కదా అనవచ్చు. వేశాడు, నిజమే. కానీ నవలే మరో సంగతి చెబుతోంది: మంచి పెద్దలు బడి వదిలి వెళ్లి, వాళ్ల స్థానంలో చేవలేనివాళ్లు రాగానే పెత్తనం ఐదో ఫారం రౌడీల చేతికి పోయింది. ఏ ఏడు ఎవరు పెద్దలవుతారన్న అదృష్టం మీద నిలబడ్డ రక్షణ అది. పసివాడి కంటితో చెప్పిన కథలో వ్యవస్థ గురించిన విమర్శ ఎలా ఉంటుందన్నది మరో అభ్యంతరం. కానీ కథ చెబుతున్నవాడు పసివాడు కాదు. క్రైస్తవ సోషలిస్టుగా కార్మికుల సహకార సంఘాల కోసం పాటుపడినవాడు. కార్ఖానాలో యజమాని గుణగణాలను దాటి వ్యవస్థను చూడగలిగిన హ్యూస్, తన బడి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. ఈ లోపాన్ని ఆయన మిత్రుడే ఎత్తిచూపాడు. బలహీనమైన పిల్లల ఆరోగ్యం, స్వభావం జన్మంతా పాడైపోతాయనీ, ఫ్లాష్‌మన్‌ను నీచుడిగా చూపినా ఇలాంటివి ఆపే మార్గం నవల చెప్పలేదనీ ఉత్తరం రాశాడు. హ్యూస్ ఆ ఉత్తరాన్ని తర్వాతి ముద్రణ ముందుమాటలో అచ్చువేశాడు. అది ఆయన పెద్దమనసు. కథ మాత్రం ఉన్నట్టే ఉండిపోయింది.

ఆచారమూ ఉండిపోయింది. తొమ్మిది పేరున్న పాఠశాలలను పరిశీలించి 1864లో నివేదిక ఇచ్చిన క్లారెండన్ కమిషన్, నౌకర్లు చేయవలసిన పనులు పిల్లలకు తప్పించమంది తప్ప ఫ్యాగింగ్‌ను రద్దు చేయమనలేదు. 1930 ప్రాంతంలో రెప్టన్ పాఠశాలలో చదివిన రచయిత రోఆల్డ్ డాల్ 1984లో ‘బాయ్’ అనే జ్ఞాపకాల పుస్తకం రాశాడు. చలికాలంలో పెద్దవాడు వచ్చి కూర్చునేలోగా మరుగుదొడ్డి పీటను తన ఒంటి వేడితో వెచ్చబెట్టే పని అందులో ఉంది. ఆ పనిలో కొట్టిందీ లేదు, కాల్చిందీ లేదు. అవమానానికి ఫ్లాష్‌మన్ అవసరమే రాలేదు, ఆచారమే సరిపోయింది. ఒక్కడి దోషాన్ని దాటి చూడడం అసాధ్యమేమీ కాదు. మన దగ్గర 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ఏడిపించిన విద్యార్థితో ఆగలేదు. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతిని కూడా ఆ నేరానికి తోడ్పడినవాడిగానే లెక్కగట్టింది.