ఇంజను ఊపిరి

పిస్టను రింగు లెంత బిగువుగ నమరినను, మండిన వాయువులలో కొంత వాని సందులగుండ జారి క్రాంక్‌కేసును చేరక మానదు. దానితో వచ్చిన నీటియావిరియు, మండని పెట్రోలును ఇంజను ఆయిలుతో కలసి మడ్డియై పేరుకొనును. దీనికి తొలినాటి ఇంజనీర్లు కనుగొనిన ఉపాయము మిక్కిలి సరళము: ఇంజను ప్రక్కనుండి నేలవైపు దిగిన ఒక గొట్టము, కారు పరుగెత్తునపుడు దాని కొన నొరసికొనిపోవు గాలియే లోపలి ఆవిరులను పీల్చివేయును.

మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి ననుసరించి ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు నిర్మించి, 2014 వరకు విక్రయించిన అంబాసిడరుకు చిరకాలము ప్రాణమై నిలిచిన 1489 సి.సి. ఇంజను ఈ గొట్టపు యుగమున జన్మించినదే. హైదరాబాదునుండి కందుకూరు, కడ్తాల్, కల్వకుర్తి మీదుగ శ్రీశైలమునకు పోవు త్రోవను తలచిన ఆ గొట్టపు గుణదోషములు రెండును తేటపడును. కందుకూరు ప్రాంతపు తిన్నని బాటపై వేగముగ సాగునంతసేపు పీల్పునకు లోటుండదు. మన్ననూరు దాటి నల్లమల ఘాటులో నిండుబరువుతో మెల్లగ సాగునపుడు మాత్రము, క్రిందికి జారు వాయువు హెచ్చుచుండగనే గొట్టపుకొనను తాకు గాలి సన్నగిల్లును. ఆ ఇంజను మూలరూపమున వెనుక మెయిన్ బేరింగుకడ రబ్బరు సీలు లేదు, ఆయిలును లోనికి మళ్లించు మరగాడి మాత్రమే కలదు. కావున లోపలి ఒత్తిడి పెరిగిన ఆయిలు కారుట సహజము.

లాస్ ఏంజిలెసు నగరమును క్రమ్మిన పొగకు వాహనముల ఆవిరులు ఎండలో చర్యనొందుటయే ప్రధాన కారణమని 1950 ప్రాంతమున హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు నిరూపించిన పిదప, ఈ గొట్టమును దోషిగ నిలిచెను. 1961 నమూనా కార్లకు కాలిఫోర్నియాలోను, 1963 నమూనాలకు అమెరికా యంతటను, ఆవిరులను మానిఫోల్డులోనికి లాగి మరల దహింపజేయు వాల్వు వచ్చెను. అంబాసిడరు ఇంజనుకు సోదరమైన ఎం.జి.బి. కారు ఇంజనుకు 1964లో అట్టిదే అమరెను.

మానిఫోల్డు లాగుడు ఐడిలింగులో మిక్కిలి హెచ్చు, ఆక్సిలరేటరు పూర్తిగ నొక్కినపుడు అత్యల్పము; జారు వాయువు తీరు దీనికి సరిగ విపరీతము. లాగుడు బలముగ నున్నపుడు దారిని ఇరుకు చేసి, సడలినపుడు విశాలము చేసి, మంట వెనుకకు ఎగసినపుడు మూసివేయు ఆ స్ప్రింగు వాల్వు, నా దృష్టిలో, మోటారు విద్యలోని ఉత్తమ కల్పనలలో నొకటి. అది లేక వట్టి రబ్బరు గొట్టమును తగిలించినచో మిశ్రమము పలుచనై ఐడిలింగు నిలువదు, ఆయిలు లాగబడి ప్లగ్గులు మసిబారును.

కావున పాతకారును ప్రేమించు సోదరులారా, వాల్వు నమర్చుడు, వడగట్టిన గాలి లోనికి వచ్చు దారి నుంచుడు, కార్బురేటరును మరల ట్యూను చేయించుడు. తొలగించిన అసలు గొట్టమును మాత్రము పారవేయక భద్రపరచుడు.